తెర మీద లేని మాటలు

రెబ్కా కంప్యూటర్‌కు మానిటర్ లేకపోలేదు, ఉంది. దాని మీద కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద తన బ్రెయిలీ కీర్తనల పుస్తకం పెట్టుకుంది. స్విచ్ మాత్రం ఎప్పుడూ వెయ్యదు. చూపులేని మనిషికి తెరతో పనేముంది, కరెంటు దండగ. తెర మీద ఉండవలసినదంతా పక్కనున్న స్పీకరు ముక్కుతో గబగబా చదివి పెడుతుంది. ఆమె తల కాస్త ఎడమకు వంచి వింటుంది.

ఆ మంగళవారం నజ్మీన్ కూడా ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని వింటోంది. నజ్మీన్ గుంటూరు బ్రాడీపేటలో వలి సిస్టమ్స్ అనే చిన్న షాపులో వెబ్‌సైట్లు చేస్తుంది. మిర్చి కమీషన్ వ్యాపారులకీ విత్తనాల కంపెనీలకీ చేసి చేసి, ఎర్ర మిరపకాయ బొమ్మ అంటేనే విసుగెత్తిపోయిన రోజుల్లో ఈ పని దొరికింది. నల్లపాడు స్టేషన్ దాటాక, మిరప కల్లాల మధ్య ఉన్న సిలోయం అంధ బాలికల హోమ్‌కి ఒక సైట్ కావాలట. హోమ్‌కి సాయం చేసే విదేశీ దాతలు చూసుకోవడానికి.

"ఇప్పుడు కింది బాణం నొక్కుతున్నా, విను," అంది రెబ్కా.

స్పీకరు ఇంగ్లీషులో అందుకుంది. ఆ మాటలు రాసింది రెబ్కాయే. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: మేము నలభై మందికి పైగా ఉన్నాం. అడుగుల చప్పుడును బట్టి ఒకరినొకరం గుర్తుపడతాం. కుర్చీలకు కేను అల్లుతాం, లెక్కలు చేస్తాం, పోట్లాడుకుంటాం. మార్చి నెలలో మా చుట్టూ మిరపకాయలు ఎండబోస్తారు కాబట్టి ఆ నెలంతా తుమ్ముతూనే ప్రార్థన చేస్తాం. దేవుడు ఏమీ అనుకోడు.

నజ్మీన్‌కి నవ్వాగలేదు. "దేవుడి సంగతేమో గానీ అక్కా, సెక్రటరీ గారు అనుకుంటారేమో."

"అనుకుంటే అనుకోనీ. ఆయనా తుమ్ముతాడుగా."

నవ్వుతూనే రెబ్కా వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. నోట్‌ప్యాడ్ తెరిచింది, బాణాలతో కిందికి దిగింది, 'కేను అల్లుతాం' దగ్గర ఆగి, 'మీ ఇంట్లో విరిగిన కుర్చీ ఉంటే పంపండి' అని చేర్చింది, సేవ్ చేసింది, పేజీని మళ్ళీ పిలిచింది. స్పీకరు కొత్త మాటను సరిగ్గా దాని చోట్లో చదివింది. ఎవరి సాయమూ లేదు. నజ్మీన్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఇదేమీ ఊరికే జరగలేదు. అప్పట్లో, అంటే రెండువేల అయిదు చుట్టుపక్కల, గుంటూరులోనే కాదు, దాదాపు అంతటా సైట్లు చేసే పద్ధతి ఒకటే. పేజీని గళ్ళు గళ్ళుగా కోసి, ఒక గడిలో బొమ్మ, ఒక గడిలో మాట, గడిలో మళ్ళీ గడి. కంటికి బాగానే ఉంటుంది. చెవితో వినేవాళ్ళకు మాత్రం ఎక్కడి మాట ఎక్కడుందో తెలియని అయోమయం. నజ్మీన్ ఇంటర్నెట్లో పడి కొత్త పద్ధతి నేర్చుకుంది. మాటలన్నీ ఒక ఫైల్లో పైనుంచి కిందికి వరసగా ఉంటాయి. రంగులూ, వరసలూ, ఏది ఎడమ ఏది కుడి అన్న సోకులన్నీ స్టైల్ షీట్ అనే వేరే ఫైల్లో ఉంటాయి. రెబ్కా మొదటి ఫైలు జోలికే వెళ్తుంది, రెండోదాన్ని ముట్టుకోనక్కరలేదు. ప్రపంచంలో పెద్దలందరూ కూర్చుని ఇలాగే చెయ్యాలని రాసి పెట్టిన పద్ధతి అది. రాసి పెట్టినంత మాత్రాన బ్రౌజర్లన్నీ వినాలని ఎక్కడా లేదు, అదే వచ్చిన చిక్కు.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. హోమ్ సెక్రటరీ ఇమ్మానియేలు గారు. రిటైరైన హెడ్మాస్టరు, ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా క్లాసు చెబుతున్నట్టే మాట్లాడతారు. మనిషి మంచివాడే.

"ఏమ్మా, అయినట్టేనా? శుక్రవారం కమిటీ పెట్టుకున్నాం. అందరికీ చూపించాలి."

"అయిందండి. నా అంతట నేనే మార్చుకోగలుగుతున్నా," అంది రెబ్కా లేచి నిలబడి.

"అదే చూపిద్దువుగాని. సైటు నడపటం, దాతల ఉత్తరాలకి జవాబులు రాయటం నీ చేతనవుద్దని వాళ్ళకి తెలిస్తే, ఆఫీసు పోస్టులో నిన్ను తీసుకోమని నేనే అడుగుతా. లేకపోతే నీకు తెలుసుగా, వయసు దాటినవాళ్ళని ఉంచే రూలు లేదు. మీ అన్నకి ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టాను."

ఆయన వెళ్ళాక కూడా రెబ్కా కాసేపు నిలబడే ఉంది. సింగరాయకొండలో ఆమె అన్న దానయ్య హైవే పక్క టీకొట్టు నడుపుతాడు. అక్కడ కంప్యూటర్ ఉండదు. ఉత్తరాలు ఉండవు. మంచం ఒకటి ఉంటుంది, దాని మీద కూర్చోబెడతారు. మంచివాళ్ళే, వేళకి అన్నం పెడతారు. దానికే ఆమెకు భయం.

"శుక్రవారానికి ఏ చీర కట్టుకోను?" అంది చివరికి. "నీలంది ఉందంట నాకు. పిల్లలు చెప్పారు."

*

గురువారం షాపులో ఓనరు ఖాజావలి అడగాల్సిన ప్రశ్న అడిగాడు. మనిషి వ్యాపారస్తుడు, ప్రశ్నలు సూటిగా ఉంటాయి.

"అమ్మాయ్, కొత్త పద్ధతి కొత్త పద్ధతి అంటన్నావు. పాత బ్రౌజర్లో చూశావా?"

విండోస్‌తో పాటు వచ్చే నీలం రంగు 'ఇ' బొమ్మ బ్రౌజర్ గురించి అతను అడుగుతున్నది. దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది ఇంటర్నెట్ అంటే ఆ బొమ్మే అనుకునేవాళ్ళు. నజ్మీన్ తన కంప్యూటర్లో కొత్తగా వచ్చిన వేరే బ్రౌజర్ వాడుతుంది. అది పద్ధతి ప్రకారం నడుస్తుంది, రాసింది రాసినట్టు చూపిస్తుంది.

"రోజూ హోమ్‌లో అందులోనే తెరుస్తన్నాం అన్నా. రెబ్కక్క సాఫ్ట్‌వేర్ దాంట్లోనే మాట్లాడేది," అంది నజ్మీన్.

అబద్ధం కాదు. రోజూ అందులోనే తెరుస్తున్నారు. ఏ అక్షరమూ పోవడం లేదు, ఏ వరసా తప్పడం లేదు. పక్కన కూర్చుని విని విని నజ్మీన్‌కి అదే చూడటం అయిపోయింది. ఆ గుడ్డ ఎత్తి మానిటర్ స్విచ్ నొక్కాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదంటే నమ్మరు గాని, రాలేదు.

ఖాజావలి సరేనని తలూపి, మిర్చి వ్యాపారితో ఫోన్లో పడిపోయాడు.

*

శుక్రవారం పొద్దున రెబ్కా కంప్యూటర్‌ను తీసుకొచ్చి ప్రార్థన హాల్లో బల్ల మీద పెట్టారు. ఎదురుగా కుర్చీల్లో కమిటీ వాళ్ళు కూర్చున్నారు. పాస్టరు గారు, ఒక డాక్టరమ్మ, ఇంకో నలుగురు పెద్దమనుషులు. పక్కన ఖాజావలి ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెబ్కా నీలం చీర కట్టుకుంది. తలలో కనకాంబరాలు.

గుడ్డ తీసి నజ్మీన్ మానిటర్ స్విచ్ నొక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. తెర మెల్లగా తెల్లబడింది.

పైన హోమ్ పేరున్న పట్టీ వచ్చింది. దాని కింద ఒక ఫోటో వచ్చింది. ఫోటో పక్కన మాటలు ఉండాలి. లేవు. తెల్లగా ఉంది. కుడివైపు ఉండాల్సిన వరస మొత్తం జారిపోయి ఎక్కడో అడుగున పడి ఉంది. నజ్మీన్ మౌస్‌తో బ్రౌజర్ కిటికీని కాస్త కదిపింది. సగం పేరా బయటపడింది. 'హమ్మయ్య' అనుకునే లోపల మళ్ళీ మాయమైంది. పేజీ తన దగ్గర, షాపులోని కొత్త బ్రౌజర్లో, నిన్న సాయంత్రం కూడా బంగారంలా ఉంది.

రెబ్కాకి ఇదేమీ తెలియదు. స్విచ్ చప్పుడు విని, అంతా సిద్ధమనుకుని, చిరునవ్వుతో కింది బాణం నొక్కింది.

మేము నలభై మందికి పైగా ఉన్నాం, అంది స్పీకరు.

హాల్లో అందరూ తెర వైపు చూస్తున్నారు. ఖాళీ తెల్ల జాగాలోంచి మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అడుగుల చప్పుడు, కేను కుర్చీలు, పోట్లాటలు, తుమ్ములు. తుమ్ముల దగ్గర ఎవరూ నవ్వలేదు. రెబ్కా అక్కడ నవ్వు కోసం ఒక్క క్షణం ఆగింది. రాకపోయేసరికి మళ్ళీ బాణం నొక్కింది.

"ఆగమ్మా," అన్నారు డాక్టరమ్మ. "ఎక్కడుంది ఇదంతా? ఇక్కడేమీ లేదే."

"ఉందండి. చదువుతోందిగా," అంది రెబ్కా.

"ఖాళీగా ఉంది తల్లీ."

రెబ్కా ముఖం నజ్మీన్ ఉండే వైపు తిరిగింది. నజ్మీన్ మౌస్ వదిలేసింది. "మాటలు ఫైల్లో ఉన్నాయక్కా. పాత బ్రౌజర్ వాటిని సరిగ్గా చూపించట్లేదు. తప్పు మనది కాదు, దానిది."

"అంటే దాతల కంప్యూటర్లలో కూడా ఈ బ్రౌజరే ఉంటుందా?" అడిగారు ఇమ్మానియేలు గారు.

"చాలామందికి ఇదేనండి."

"మరి తప్పు ఎవరిదైతే ఏంటమ్మా, వాళ్ళకి కనపడేది ఇదేగా?"

ఖాజావలి ముందుకొచ్చాడు. "సార్, మీరేం కంగారు పడబాకండి. సోమవారం కల్లా పాత పద్ధతిలో గళ్ళుకట్టి నీట్‌గా చేసి ఇస్తాం. మా పిల్ల కొత్తగా ఏదో చెయ్యబోయింది. చిన్నపిల్ల, నేర్చుకుంటది."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. చాలా మెత్తగా మాట్లాడతారు ఆయన. "రెబ్కా, ఇన్ని రోజులూ ఇది బాగుందనే అనుకున్నావా అమ్మా?"

"మీరూ విన్నారుగా అయ్యగారూ. పై నుంచి కింద దాకా ఒక్క మాట పోలేదు."

"విన్నాంలే. విన్నాం." ఆయన మిగతావాళ్ళ వైపు చూశారు. "కానీ చూసుకోవటానికి కళ్ళున్న మనిషి ఒకరు ఉంటే మంచిదేమో."

ఎవరూ కాదనలేదు. అంత పెద్దమాట అంత తేలిగ్గా పడింది. హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో 'ఆమె తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది' అని రాసి ఉంది. దాన్ని చదవగలిగిన కమిటీ వాళ్ళందరూ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు.

రెబ్కా కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

*

శనివారం నజ్మీన్ పేజీని కోసింది.

ఖాజావలి తిట్టలేదు. టీ తెప్పించి ఇచ్చి, "వాళ్ళకి ఏది కావాలో అది చెయ్యమ్మా. మనకెందుకు?" అన్నాడు. ఆమె రెబ్కా రాసిన మాటల్ని ముక్కలు చేసి ఒక్కో గడిలో పెట్టింది. గళ్ళ మధ్య ఎడం కోసం స్పేసర్ అనే, కంటికి కనపడని చిన్న చిన్న ఖాళీ బొమ్మలు దూర్చింది. మధ్యాహ్నానికి పాత బ్రౌజర్లో కూడా పేజీ చక్కగా నిలబడింది. ఇలాంటి పని చేసేటప్పుడు చేతులు వాటంతట అవే నడుస్తాయి, అందుకు ఆమెకు తన చేతుల మీదే కోపం వచ్చింది.

ఆటోలో నల్లపాడు వెళ్ళింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నా కళ్ళు నీళ్ళు కారాయి.

రెబ్కా విన్నది. టేబుల్, మూడు కాలమ్‌లు, అంది స్పీకరు, గళ్ళ కట్టుకి దాని పేరు అది. టేబుల్‌లో టేబుల్. స్పేసర్ డాట్ జిఫ్. స్పేసర్ డాట్ జిఫ్. మేము నలభై. ఫోటో. స్పేసర్ డాట్ జిఫ్. మమ్మల్ని సంప్రదించండి. మందికి పైగా ఉన్నాం.

"ఇంకోసారి," అంది రెబ్కా.

మళ్ళీ అదే.

ఆమె నోట్‌ప్యాడ్ తెరిచింది. విరిగిన కుర్చీల వాక్యం కోసం వెతికింది. గళ్ళ గుర్తులూ బొమ్మల పేర్లూ ఒకటే గోల, వాటి మధ్యలో ఎక్కడో ఆ వాక్యం రెండు ముక్కలై ఉంది. దొరికింది అనుకుని ఒక మాట మార్చి సేవ్ చేసింది. నజ్మీన్ ఈసారి మానిటర్ వైపే చూస్తోంది. మాటతో పాటు ఒక గడి గుర్తు కూడా చెరిగిపోయింది. పేజీ కుడివైపంతా కుప్పకూలింది.

"ఏమైంది? ఏదో అయిందిగా? నీ ఊపిరి మారింది."

"ఏం లేదక్కా. నేను సరిచేస్తా."

"నా మాటలు ఎక్కడున్నాయో నాకే దొరకట్లేదు నజ్మీన్," అంది రెబ్కా. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నజ్మీన్‌కి కాస్త బాగుండేది.

*

ఆదివారం షాపుకి సెలవు. తాళం తన దగ్గరే ఉంటుంది కాబట్టి నజ్మీన్ పొద్దున్నే వెళ్ళి షట్టరు సగం ఎత్తి లోపల కూర్చుంది. వాళ్ళ నాన్న బుడాన్ పరుపులు కుట్టే మనిషి. "ఆదివారం కూడా ఏంది పని?" అంటే, "దూది చెదిరిపోయింది నాన్నా, మళ్ళీ కూరాలి," అని చెప్పి వచ్చింది.

ఆమె ఇంటర్నెట్లో వెతికింది. 'బొమ్మ పక్కన మాటలు మాయం' అని తనకొచ్చిన ఇంగ్లీషులో రకరకాలుగా అడిగింది. మధ్యాహ్నం దాటాక దొరికింది. ఏదో దూరదేశంలో ఎవరో ఒక మనిషి ఇదే జబ్బుని పట్టుకుని, దానికి దాగుడుమూతల పేరు కూడా పెట్టాడు. మందు కూడా రాశాడు. ఒక్క లైను. మాటలున్న పెట్టె ఎత్తు ఒక శాతం అని పాత బ్రౌజర్‌కి మాత్రం ఒక అబద్ధం చెప్పాలి. అబద్ధం చెబితే అది బుద్ధిగా మాటలు చూపిస్తుందట.

నజ్మీన్ మొన్నటి ఫైలు తీసింది, కొయ్యనిది. స్టైల్ షీట్‌లో ఆ లైను చేర్చింది. జారిపోయిన వరసకు వెడల్పు కొంచెం తగ్గించింది. నీలం 'ఇ' బొమ్మ నొక్కింది.

మాటలు ఉన్నాయి. కిటికీని కదిపింది, లాగింది, దించింది, ఎత్తింది. ఉన్నాయి. తుమ్ములతో సహా అన్నీ ఉన్నాయి. ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. సంతోషమే ఎక్కువ. గురువారం షాపులోనే ఒక్కసారి ఈ బొమ్మ నొక్కి ఉంటే గురువారమే ఈ లైను దొరికేది కదా అన్న బాధ కూడా అందులో ఉంది. కానీ సోమవారం ఇంకా రాలేదు, ఇంకేం మించిపోలేదు, అనుకుంది.

*

సోమవారం పొద్దున రెబ్కా విన్నది. పై నుంచి కింది దాకా విని, ఒక మాట మార్చి, మళ్ళీ విని, నజ్మీన్ ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. "తెర కూడా వేశావా?"

"వేశానక్కా. అంతా కనపడతంది. ఒట్టు."

"పద, సెక్రటరీ గారిని పిలుచుకురా."

ఇమ్మానియేలు గారు వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూశారు. నిజంగానే సంతోషించారు. గళ్ళుకట్టిన పేజీ కంటే ఇదే బాగుందన్నారు. రెబ్కా ఆయనకు చూపించింది. ఇదిగో ఈ ఫైలు, ఇక్కడ మాట మారుస్తాను, సేవ్, అంతే.

"ఇంత తేలికా!" అన్నారాయన. "ఇంకేం ముట్టుకోనక్కర్లేదా?"

"ఏమీ అక్కర్లేదండి. మాటలు తెలిస్తే చాలు," అంది నజ్మీన్ ఉత్సాహంగా. ఆ మాట అన్నందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

ఆయన వరండాలోకి తలపెట్టి పిలిచారు. "శాంతీ, ఇట్రామ్మా ఒకసారి."

శాంతి పాస్టరు గారి మేనకోడలు. ఇంటర్ పాసై ఇంట్లో ఉంటోంది. పొద్దున్నే హోమ్‌కి వచ్చిందెందుకో అప్పుడు గాని నజ్మీన్‌కి అర్థం కాలేదు. ఆ పిల్ల భయపడుతూనే కూర్చుంది, రెబ్కా చెప్పినట్టే ఒక మాట మార్చింది, సేవ్ చేసింది. పేజీలో మాట మారింది. శాంతి ఆశ్చర్యంగా నవ్వింది. జీవితంలో కంప్యూటర్ ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇంకేం. మన శాంతి చూసుకుంటది," అన్నారు ఇమ్మానియేలు గారు.

స్పీకరు ఏదో చదువుతోంది. రెబ్కా చెయ్యి చాచి దాని గొంతు తగ్గించింది.

"సార్, ఇది రెబ్కక్క కోసం చేసిందండి," అంది నజ్మీన్. "ఆమె నడుపుకోటానికి. ఇప్పుడు అన్నీ సరిపోయాయిగా?"

"నేను కాదన్నానా అమ్మా? శుక్రవారమే కమిటీ తీర్మానం అయిపోయింది. పోస్టు శాంతికి ఇవ్వాలనుకున్నాం. అయినా మొన్న అందరి ముందూ ఏం జరిగిందో చూశావుగా. తప్పు జరిగితే పట్టుకునే మనిషి ఉండాలి."

"ఆ తప్పు నేనూ పట్టుకోలేదుగా సార్. నాకు కళ్ళున్నాయిగా."

ఇమ్మానియేలు గారు ఆమె భుజం తట్టారు. "నువ్వు చిన్నపిల్లవి. నేర్చుకుంటావు. మా చర్చి సైటు కూడా నీకే ఇద్దామనుకుంటన్నాం, వలి గారితో చెప్పాను."

నజ్మీన్ ఒళ్ళంతా మండిపోయింది. ఒకే తప్పు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేసింది. ఒకరికేమో ఇంకో పని ఇచ్చారు, ఒకరిని ఊరికి పంపుతున్నారు. ఇది అన్యాయమని గట్టిగా అరవాలనుకుంది. ఆమె నోరు తెరిచే లోపల రెబ్కా లేచి, కుర్చీ వెనక్కి జరిపింది.

"శాంతీ, ఇక్కడ కూర్చో అమ్మా," అంది. "స్టూలు మీద నడుం నొప్పి పుడద్ది. ఉత్తరాలకి జవాబులు ఎట్టా రాయాలో కూడా చెబుతా. దాతల్లో ముసలావిడ ఒకామె ఉంది, ప్రతి ఉత్తరంలో వాన పడిందా అని అడుగుద్ది. ఆమెకి వాన సంగతి రాయటం మర్చిపోబాక."

ఆ రోజు సాయంత్రం దాకా ఆమె శాంతికి నేర్పుతూనే ఉంది. నజ్మీన్ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, ఉండలేక వెళ్ళిపోయింది.

*

బుధవారం గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సు కదలడానికి ఇంకా టైముంది. దానయ్య ట్రంకుపెట్టె పైకెక్కించి, తాడు కట్టించి, చెల్లెలికి మజ్జిగ ప్యాకెట్ తెచ్చిచ్చాడు. చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "ఎండ పడకుండా ఇటు కూర్చో అమ్మలూ," అన్నాడు. ఎంతో ప్రేమగల మనిషి. నజ్మీన్‌కి అతని మీద కోపగించుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

అతను టికెట్ల కోసం కండక్టరు దగ్గరికి వెళ్ళాడు. నజ్మీన్ కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకుంది.

"అక్కా, నేను ఖాజావలి అన్నతో మాట్లాడతా. మా షాపులోనే..."

"ఆయన ఏమన్నాడు?"

నజ్మీన్ అతన్ని అడగడం అప్పటికే అయిపోయింది. అతను కాదన్న సంగతి చెప్పలేక ఊచను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పోన్లే," అంది రెబ్కా. మజ్జిగ ప్యాకెట్ విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని, కాసేపు వేళ్ళతో దాని అంచు తడిమింది. "నిన్నొకటి అడగాలనుకుంటన్నా. శుక్రవారం నుంచి. శాంతిని అడుగుదామనుకున్నా, నవ్వుద్దని అడగలేదు."

"అడుగు అక్కా."

"ఆ రోజు అందరూ ఖాళీ ఖాళీ అన్నారే. ఖాళీ అంటే ఎట్టా ఉంటది?"

నజ్మీన్‌కి అర్థం కాలేదు.

"గది ఖాళీ అంటే నాకు తెలుసు. చప్పుడు మారుద్ది. డబ్బా ఖాళీ అంటే ఊపితే తెలుసుద్ది. అక్కడ నా మాటలన్నీ ఉన్నాయి, నేను వింటానే ఉన్నా, వాళ్ళూ వింటానే ఉన్నారు. అన్నీ ఉండంగా అది ఖాళీగా ఎట్టా కనపడద్ది? కళ్ళున్నోళ్ళకి అట్టా కనపడద్దా?"

"తెల్లగా ఉంటుందక్కా. అంటే... ఏమీ రాయనట్టు..."

"కానీ రాశాంగా."

"రాశాం."

రెబ్కా తల కాస్త ఎడమకు వంచి, మిగతా జవాబు కోసం ఎదురుచూసింది. బస్టాండులో మైకు ఏదో ఊరి పేరు చదువుతోంది, పల్లీలవాళ్ళు అరుస్తున్నారు, పక్క బస్సు హారన్ కొడుతోంది. నజ్మీన్ కన్నీళ్ళు తుడుచుకుంటూ మాటల కోసం వెతికింది. ఏం చెప్పినా అది శుక్రవారం ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ తరఫున చెప్పినట్టే ఉంటుంది. తానూ వాళ్ళలో ఒకతే.

దానయ్య వచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. రెబ్కా ఇంకా కిటికీ వైపే ముఖం పెట్టి వింటూనే ఉంది.

బస్సు కదిలింది. నజ్మీన్ ఊచ వదల్లేక నాలుగడుగులు దానితో పాటే నడిచింది. ఆ తర్వాత వదిలేయాల్సి వచ్చింది. జవాబు మాత్రం ఇంకా చెప్పనే లేదు.